మహబూబ్ అలీ పాషా ఎక్కని మోటారుబండి

హైదరాబాదు నగరం చూడబోయిన మన ప్రాంతపు విద్యార్థులు చార్మినారును, సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూడకుండా రారు. చౌమహల్లా ప్రాసాదం దాకా పోయేవారు కొంత తక్కువ. పోయినవారిలోనూ అధికులు దర్బారు మందిరంలోని గాజుదీపాల గుత్తులను కన్నులారా చూచి, కాళ్ళు నొప్పి పుట్టి వెనుదిరుగుతారు. అక్కడి వాహనశాలలో పసుపుపచ్చని రంగుతో ఒక పాతకాలపు మోటారుబండి నిలిచి ఉన్నది. దానిని సావకాశంగా చూడవలసినదని మా మనవి. అది 1912 నాటి రోల్స్ రాయిస్. దానికి ఉత్తరువు పంపిన ప్రభువు ఆరవ నిజాము నవాబు మీర్ మహబూబ్ అలీ ఖాన్ బహదూరు. ఆ బండిలో ఆయన ఒక్కనాడయినా కూర్చొనలేదు.

మా విద్యార్థుల మధ్య తరచు ఒక వాదం నడుస్తుంది. నూరేండ్లు దాటిన ఈ రాజవాహనం గొప్పదా, 2023లో హుస్సేన్‌సాగరు ఒడ్డున పరుగెత్తిన విద్యుత్ రేసుకారు గొప్పదా అని. వేగాన్ని మాత్రమే కొలిస్తే ఈ వాదం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కాని బండిని తూచేటప్పుడు అది ఏ దారిన నడిచినది, ఎవరి సొమ్ముతో నడిచినది, ఎవరిని ఎక్కించుకొన్నది అనే ప్రశ్నలను పక్కన పెట్టడం మాకు సమ్మతం కాదు. అందువల్ల బండి సంగతికి ముందు దాని యజమాని జీవితాన్ని చెప్పుకొందాము. మానుకోటకు నేడున్న మహబూబాబాదు అనే పేరులో వినిపించేది ఆయన పేరే. కనుక ఆ జీవితం మనకు పరాయిది కాదు.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టు 17న జన్మించారు. తండ్రి అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా. 1869 ఫిబ్రవరిలో తండ్రి మరణించగా, సరిగా నడక కూడా కుదురుకోని రెండున్నరేండ్ల శిశువును గద్దెపై కూర్చుండబెట్టారు. రాజ్యభారం వహించినవారు దివాను మొదటి సాలార్‌జంగు, ఆయనతోపాటు అమీరె కబీరు. బాలప్రభువుకు ఉర్దూ, పారసీ, అరబ్బీ నేర్పడానికి పండితులను, ఆంగ్లవిద్యకు క్లార్క్ అనే ఆంగ్లేయుని నియమించారు. గుర్రపుస్వారీలోను, తుపాకి గురిలోను ఆయన చిన్నతనంనుండే దిట్ట అనిపించుకొన్నారు. 1877 జనవరిలో ఢిల్లీలో జరిగిన దర్బారుకు పదేండ్ల ప్రాయంలో సాలార్‌జంగు వెంట వెళ్ళారు. అంత పిన్నవయస్సులో అంత పెద్ద సభలో బొమ్మవలె కూర్చొనవలసి వచ్చిన బాలుని మనస్సు ఎట్లున్నదో చరిత్రకారులు వ్రాయలేదు.

ఆయనకు ఎనిమిదేండ్లు నిండిన సంవత్సరం, 1874 అక్టోబరులో, వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలు నడిచినది. మన కథ నిజానికి ఇక్కడ ప్రారంభమవుతుంది. ఆ కాలంలో ఎద్దుబండి దినానికి పది క్రోసులు నడిస్తే గొప్ప. జనగామ నుండి నగరానికి 80 కిలోమీటర్లకు పైబడిన దూరం. వర్షాలకు వాగులు పొంగకపోతే మూడు దినాలు, పొంగితే దైవాధీనం. కలవారికి కచ్చరం బండి, అధికారులకు మేనా. తక్కినవారికి కాళ్ళే గతి. ఇటువంటి దేశంలోకి ఇనుపదారిని తూర్పుగా, ఓరుగల్లు మీదుగా బెజవాడ వరకు పొడిగించాలనీ, ఉత్తరాన బొగ్గుగనులున్న చాందా వైపునకు మరొక శాఖ వేయాలనీ ఒక పథకం తయారయినది. లండనులో ఒక కంపెనీ ఏర్పడి మూలధనం సమకూర్చడం, ఆ మూలధనంపై ఇరవై సంవత్సరాలపాటు నూటికి 5 వంతున వడ్డీకి నిజాము ఖజానా పూచీ పడడం దానిలోని ఏర్పాటు. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ ముట్టితీరుతుంది. లోటు పడితే భరించేది ఈ నేలమీద శిస్తు కట్టే రైతు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు హఠాత్తుగా మరణించారు. ఆ సంవత్సరమే ఈ పథకంపై నగరంలో ఒక ఆందోళన తలెత్తినది. అంత పెద్ద భారాన్ని ప్రజలపై మోపేముందు షరతులను బయటపెట్టవలెనని కొందరు విద్యావంతులు సభలు జరిపి అడిగారు. వారిలో ముఖ్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథులు వంగదేశీయులు, రసాయనశాస్త్ర పండితులు, సరోజినీనాయుడు గారి తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఇస్లామీయ విద్యలలో ఆరితేరినవారు. వేరువేరు మతాలకు చెందిన వీరిద్దరూ కలిసి అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈ వేగానికి వెల ఎవరు చెల్లిస్తారు అని. ప్రభుత్వం జవాబు చెప్పలేదు. అఘోరనాథులను రాజ్యంనుండి వెళ్ళగొట్టినది. ఆయన తరువాత తిరిగి వచ్చారు. హైదరాబాదు ప్రజాజీవితంలో ప్రజలు లెక్క అడిగిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. మన పాఠ్యపుస్తకాలలో దీనికి రెండు వాక్యాలకంటే ఎక్కువ చోటు దొరకకపోవడం విచారకరం.

మహబూబ్ అలీకి అప్పటికి అధికారాలు సంక్రమించలేదు. 1884 ఫిబ్రవరి 5న రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు స్వయంగా హైదరాబాదు వచ్చి ఆయనకు పూర్ణాధికారాలు అప్పగించారు. పదునెనిమిదేండ్లయినా నిండని యువకుని చేతికి దక్కన్ రాజ్యం వచ్చినది. దానితోపాటు అప్పటికే సంతకాలైన ఒప్పందమూ వచ్చినది. పని చకచక సాగినది. 1886లో రైలు ఓరుగల్లు చేరినది. జనగామ ఆ దారిలోనే ఉన్నది. అక్కడినుండి మానుకోట, డోర్నకల్లు మీదుగా దారి వేసి 1889లో బెజవాడతో కలిపారు. డోర్నకల్లునుండి సింగరేణి బొగ్గుగనులకు 1888లోనే శాఖ పడినది. మూడు దినాల ప్రయాణం మూడు నాలుగు గంటలకు దిగినది. జనగామ, మహబూబాబాదు పట్టణాలు వ్యాపారకేంద్రాలుగా ఎదిగినవంటే ఈ దారి చలవే. లెక్క అడిగినవారిని వెళ్ళగొట్టి వేసిన దారియే మన ఊళ్ళను పెంచినది. ఈ రెండు నిజాలలో ఏ ఒక్కదానినీ దాచవలసిన పని లేదు.

ఇక బొగ్గు. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల తొలి సంవత్సరాలలో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో గనుల హక్కులను ఆంగ్లేయ వ్యాపారులకు కట్టబెట్టగా హైదరాబాద్ దక్కన్ కంపెనీ వెలసినది. వాటాల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ ఎంతవరకు పోయినదంటే, 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక సంఘాన్ని నియమించి విచారించవలసి వచ్చినది. నిజాము పక్షాన వ్యవహరించిన ఉన్నతోద్యోగి పదవి కోల్పోయాడు. ఇరవై రెండేండ్ల ప్రభువు ఈ వ్యవహారంలో మోసపోయినవాడేగాని మోసం చేసినవాడు కాడని మా అభిప్రాయం. అయినను పరిపాలకుడు మోసపోయినపుడు నష్టపోయేది ఆయన ఒక్కడే కాదు. ఆ కంపెనీయే 1920 చివర సింగరేణి కాలరీస్‌గా అవతరించినది. భూపాలపల్లి గనులు చాలా తరువాతివి. వాటి ప్రసక్తి మళ్ళీ వస్తుంది.

మహబూబ్ అలీ స్వభావం విచిత్రమైనది. రాజకార్యాలలో శ్రద్ధ కొరవడినదని ఆంగ్లేయ అధికారులు సణుగుతుండేవారు. దివానులు ఒకరి తరువాత ఒకరు మారారు. రెండవ సాలార్‌జంగు, ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా, చివరకు మహారాజా కిషన్ పర్షాద్. ప్రభువుకు మాత్రం వేట, కవిత్వం, వేషధారణ ప్రీతిపాత్రాలు. పురానీ హవేలీలో ఆయన దుస్తులు దాచుకొన్న బీరువాల వరుస ఒక పార్శ్వపు పొడవంతా రెండు అంతస్తులుగా నేటికీ కనిపిస్తుంది. దుస్తులు మార్చుకోవడానికే అంత మందిరం అవసరమయిన ప్రభువును మెచ్చుకోవడం మాకు చేతకాదు. ఉర్దూలో ఆసిఫ్ అనే కలంపేరుతో గజళ్ళు వ్రాశారు. ఢిల్లీనుండి వచ్చిన దాగ్ దెహల్వీని గురువుగా స్వీకరించి గౌరవించారు. దాగ్ 1905లో హైదరాబాదులోనే కన్నుమూశారు. పారసీకి బదులు ఉర్దూ రాజభాష అయినది ఈయన కాలంలోనే. తెలుగుకు ఆ భాగ్యం కలుగలేదు. కాని ఆయన ఏలుబడిలోనే 1891లో ఆసఫియా గ్రంథాలయం, 1901లో నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినవి. మొదటిది ప్రభుత్వం నెలకొల్పినది. తక్కిన రెండు ప్రజలు తమ జేబులోని రూపాయలతో కట్టుకొన్నవి.

జేకబ్ వజ్రం కథ జగద్విదితం. 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే వర్తకుడు సుమారు 185 క్యారెట్ల వజ్రాన్ని ఆయనకు అమ్మజూపాడు. లక్షలాది రూపాయలు ముందుగా చెల్లించిన తరువాత ప్రభువు మనస్సు మారినది. వ్యవహారం కలకత్తా న్యాయస్థానం దాకా పోయినది. జేకబ్ నిర్దోషిగా బయటపడినా ఆర్థికంగా చితికిపోయాడు. వజ్రం నిజామువద్దనే నిలిచినది. తండ్రి మరణించిన చాలాకాలానికి ఏడవ నిజాము ఆ రాయిని ఒక పాదరక్ష కొనలో కనుగొని, కాగితాలు ఎగురకుండా బరువుగా వాడుకొన్నారని ప్రతీతి. తండ్రికి తల తిప్పిన రాయి కొడుకుకు కాగితపు బరువు. ఇద్దరి స్వభావాలను ఇంతకంటె వివరించనక్కరలేదు. పసుపుపచ్చని బండి విషయంలోనూ ఈ భేదమే పనిచేసినది.

అయినను ప్రజలు ఆయనను ప్రేమించారు. అది నటన కాదు. పాము కరచినవాడు మహబూబ్ పాషా పేరు తలచుకొని ఆయనవద్దకు పోతే విషం దిగుతుందనే నమ్మకం తెలంగాణమంతటా ఉండేది. అర్ధరాత్రి వేళ వచ్చినా తనను లేపవలసినదని ప్రభువు ఆజ్ఞాపించారని చెప్పుకొనేవారు. మంత్రబలం మాట అటుంచి, పేదవాడు నడిరాత్రి రాజు గుమ్మం తట్టవచ్చునన్న భావనయే ఆ నమ్మకానికి ప్రాణం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినది. వేలాది ప్రాణాలు నీళ్ళపాలయినవి. ఆ దినాలలో ప్రభువు తన ప్రాసాదాల ద్వారాలు నిరాశ్రయులకు తెరిపించారు. అన్నం వండించారు. హైందవ సంప్రదాయం ప్రకారం నదికి పూజ చేయించి శాంతింపవేడుకొన్నారని పెద్దలు చెబుతారు. వరదలు మళ్ళీ రాకుండా ఉపాయం చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని మరుసటి సంవత్సరమే రప్పించారు. ఆ ఆలోచన ఫలించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసేనాటికి మహబూబ్ అలీ లేరు.

ఇక బండి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దంలో సంస్థానాధీశులకు మోటారు వ్యామోహం పట్టుకొన్నది. 1908లో బొంబాయి కొల్హాపురం మధ్య కనుమదారులలో జరిగిన పరీక్షలో రోల్స్ రాయిస్ బండి నెగ్గగా గ్వాలియరు మహారాజు దానిని కొనుక్కొన్నారు. ఆ బండిని నిర్మించిన హెన్రీ రాయిస్ బాల్యంలో పత్రికలు అమ్ముకొని, రైలు కర్మాగారంలో పని నేర్చుకొన్న పేదవాడు. రాజుల వాహనం రైలు కార్మికుని చేతినుండి పుట్టినదన్నమాట. 1911లో మహబూబ్ అలీ కూడా ఒక రోల్స్ రాయిస్ కోరి లండనుకు వర్తమానం పంపారు. కంపెనీ యంత్రాన్ని, చట్రాన్ని, చక్రాలను మాత్రమే తయారుచేసేది. పైభాగాన్ని వేరే పనివారు కట్టేవారు. నిజాము బండిని బార్కర్ అనే ప్రసిద్ధ సంస్థ కట్టినది. ఆసఫ్‌జాహీల పతాకపు పసుపు రంగు, గుమ్మటంవంటి పైకప్పు, వెండి అలంకరణలు, వెనుక భాగంలో తక్కిన ఆసనాలకంటె ఎత్తుగా అమర్చిన సింహాసనం. అంబారీని ఏనుగుమీదినుండి దింపి చక్రాలమీద పెట్టినట్లున్నది.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్రాసాదంలో మహబూబ్ అలీ ఖాన్ మరణించారు. వయస్సు 45 సంవత్సరాలు. మక్కా మసీదు ఆవరణలో పూర్వీకులచెంత ఆయనను ఖననం చేశారు. బండి ఆ తరువాత వచ్చినది. పితృధనమంతటితోపాటు దానిని స్వీకరించిన ఉస్మాన్ అలీ ఖాన్ పొదుపరి. ఉత్సవాలకు తప్ప దానిని వెలికి తీయలేదు. దశాబ్దాల కాలంలో అది నడిచినది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. మహబూబ్ అలీ కాలంలో వేసిన దారిమీద ఒక రైలు రెండు మూడు దినాలలో అంత దూరం నడిచివస్తుంది.

సింహాసనం మోసే బండికి రేసుకారుతో పోలికేమిటని కొందరు విద్యార్థులు అడుగుతారు. బట్టలు విప్పి చూస్తే తెలుస్తుంది. ఆ పసుపు గుమ్మటం కింద ఉన్నది సిల్వర్ ఘోస్ట్ అని లోకం పిలిచిన యంత్రం. వరుసగా ఆరు సిలిండర్లు, సుమారు 7,400 ఘన సెంటీమీటర్ల పరిమాణం, యాభై గుర్రాల బలానికి అటూ ఇటూ శక్తి. 1907లో ఆ జాతి బండి ఒకటి లండనుకు గ్లాస్‌గోకు మధ్య పరీక్షకుల ఎదుట రాత్రింబవళ్ళు తిరుగుతూ దాదాపు 15,000 మైళ్ళు నడిచినది. తరువాత విప్పి చూచి, అరిగిన భాగాలు మార్చడానికయిన ఖర్చు రెండు పౌండ్లకు మరికొంత. మహబూబ్ అలీ మరణించిన 1911లోనే మరొక సిల్వర్ ఘోస్ట్ లండనునుండి ఎడిన్‌బరోకు పోయి తిరిగివచ్చేవరకు మొత్తం ఒకే గేరులో నడిచినది. లీటరు పెట్రోలుకు సుమారు 8.6 కిలోమీటర్లు. అదే బండిని తరువాత పరుగు మైదానంలోకి దింపగా గంటకు 125 కిలోమీటర్లు దాటినది. పైభాగాన్ని తేలికచేసి 1912లో పరుగెత్తించిన మరొకటి 160 దాటినది. ఆనాటి స్పోర్ట్స్ కారు అంటే అదే. నిజాము బండి ఆ కుటుంబానికి చెందినది. పందెపుగుర్రానికి అంబారీ కట్టి గుర్రపుశాలలో నిలిపారు.

ఇప్పుడు రెండవ బండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు చెంత నగరవీధులలోనే ఏర్పరచిన సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఈ పోటీ జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ నెగ్గాడు. ఆనాడు పరుగెత్తిన మూడవ తరపు విద్యుత్ బండికి 350 కిలోవాట్ల శక్తి, అనగా దాదాపు 470 గుర్రాల బలం. నడిపేవానితో కలిపి బరువు దాదాపు 850 కిలోలు. గరిష్ఠ వేగం గంటకు 322 కిలోమీటర్లని నిర్మాతల మాట. హుస్సేన్‌సాగరు మలుపులలో అది అందేది కాదు.

మమ్ము ఎక్కువగా ఆకర్షించినవి బ్రేకులు. సిల్వర్ ఘోస్ట్‌కు ఆ కాలంలో వెనుక చక్రాలకు మాత్రమే బ్రేకులుండేవి. ముందు చక్రాలకు వచ్చినది 1920లలో. కొత్తబండిలో ఇది తలక్రిందులు. దాని వెనుక చక్రాలకు సామాన్యపు రాపిడి బ్రేకులు లేకుండానే రూపకల్పన చేశారు. తరువాత జాగ్రత్తకొరకు అత్యవసరపు బ్రేకు చేర్చారు. వేగం తగ్గించవలసినపుడు మోటారే ఎదురు తిరిగి విద్యుత్తును పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. పోటీలో ఖర్చయ్యే శక్తిలో నూటికి 40 వంతులకు తక్కువ కాకుండా ఈ విధంగా రాబట్టుకొన్నదే. పాతబండి ఆగినపుడు దాని ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. కొత్తబండి ఆగుతూ కూడా సంపాదిస్తుంది. ఆటకొరకు పుట్టిన ఈ పనితనం రేపు మన ఆర్టీసీ బస్సులకు పూర్తిగా అబ్బితే, దానిముందు గెలిచినవాని కప్పు ఏపాటి?

పాతబండిని నడపడానికి ముందునిలిచి చేతితో తిప్పవలసి ఉండేది. కొత్తబండికి మీట చాలు. కాని మరొకవైపు చూస్తే పాతబండిలోని ప్రతి భాగాన్నీ మంచి పనివాడు ఆకురాయి పట్టుకొని మళ్ళీ చేయగలడు. అందువల్లనే నూరేండ్ల తరువాత కూడా దానిని బాగుచేయగలిగారు. కొత్తబండి ప్రాణం సాఫ్ట్‌వేరులో ఉన్నది. రెండేండ్లు తిరగకమునుపే దానికి మెరుగుపరచిన రూపం వచ్చి మొదటిది పాతబడినది. మన్నికలో పాతదానిది పైచేయి అని నిస్సంకోచంగా చెప్పగలము. నిశ్శబ్దంలో రెండూ చుట్టాలు. సిల్వర్ ఘోస్ట్‌కు ఆ పేరు వచ్చినదే చప్పుడు చేయకుండా వెండిదయ్యంలా సాగిపోయినందుకు. విద్యుత్ బండ్లు కూడా సన్నని ఈలతప్ప గర్జించవు. ఆసనాలలో మాత్రం భూమ్యాకాశాల భేదం. ఒకదానిలో ప్రభువు అందరికీ కనిపించేటంత ఎత్తున కూర్చొంటాడు, నడిపేది మరొకడు. రెండవదానిలో నడిపేవాడు నేలకంటుకొన్నట్లు పడుకొంటాడు, టోపీ తప్ప ఏమీ కనిపించదు. మరొకరికి చోటే లేదు. రెండింటిలో ఏదీ నలుగురిని సంతకు తీసుకొనిపోయే బండి కాదు.

ఇక్కడ 1883 నాటి ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. హుస్సేన్‌సాగరు పోటీకొరకు రోడ్లు మూసివేయగా నగరవాసులు చుట్టుదారులలో పడరానిపాట్లు పడ్డారు. 2024 ఫిబ్రవరికి తలపెట్టిన రెండవ పోటీ రద్దయినది. ఒప్పందపు చెల్లింపుల వ్యవహారం దర్యాప్తుకు, న్యాయస్థానాలకు ఎక్కినది. తప్పొప్పులు తేల్చడం మా పని కాదు. కాని ప్రభుత్వధనంతో వేగాన్ని కొనేటప్పుడు షరతులు చూపించమని అడిగే హక్కు పౌరునికి ఉన్నదని అఘోరనాథులూ ముల్లా అబ్దుల్ ఖయ్యూమూ పట్టుబట్టిన సంగతి విద్యార్థులకు గుర్తుచేయడం మా పనియే. ఇప్పుడు అడిగినందుకు ఎవరినీ రాజ్యబహిష్కారం చేయరు. ఆ మేరకు మనం ముందుకు వచ్చాము.

పసుపుబండి వాహనశాలలో నిద్రించిన ఆ దశాబ్దాలలో జనగామ పల్లెలలో మరొక పరుగు నడుస్తుండేది. దేశముఖు సవారీ కచ్చరం వెళ్ళినపుడు వెట్టివాండ్లు దాని ముందూ వెనుకా పరుగెత్తవలసి ఉండేది. అధికారి విడిదికి బండ్లూ ఎడ్లూ కూలి లేకుండా పంపవలసి ఉండేది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగినది ఆ పరుగు ఇక చాలునన్న జనంలో నిలిచినందుకు. బండికి ముందు మనిషి పరుగెత్తే రాజ్యంలో ఆ బండి ఎంత నిశ్శబ్దంగా నడిచినా ఏమి లాభం? మహబూబ్ అలీని ప్రేమించిన ప్రజల ప్రేమను మేము శంకించడంలేదు. ఆ ప్రేమ గ్రామానికి చేరేసరికి వెట్టిని ఆపలేకపోయినదని మాత్రం చెప్పక తప్పదు.

విద్యుత్ బండికి పొగ లేదంటారు. అది బండివెనుక మాత్రమే నిజం. మన రాష్ట్రంలో వెలిగే విద్యుత్తులో పెద్దపాలు బొగ్గునుండి వస్తున్నది. భూపాలపల్లిలో కాకతీయ గనులున్నవి. చెంతనే చెల్పూరులో కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉన్నది. దాని మొదటి దశ 500, రెండవ దశ 600 మెగావాట్లు. హైదరాబాదులో ఎవరైనా తన కొత్తకారుకు రాత్రి తీగ తగిలించి నిద్రపోతే, ఆ వేళకు భూపాలపల్లి కార్మికుడు దీపం నెత్తిన పెట్టుకొని గనిలోకి దిగుతుంటాడు. నగరంలో పొగ తగ్గడం మంచిదే. అది ఎక్కడికి తరలినదో కూడా తెలిసి ఉండడం మంచిది.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి మూడూ ఒకేనాడు జిల్లాలయినవి. మొదటి రెండింటి పట్టణాలగుండా మహబూబ్ అలీ కాలపు ఇనుపదారి పోతుంది. బొగ్గుకు, కరెంటుకు నెలవైన భూపాలపల్లికి నేటికీ రైలు స్టేషను లేదు. అక్కడి మా విద్యార్థులు పరీక్షలకు వరంగల్లు రావలెనంటే తెల్లవారకముందే బస్సుకొరకు నిలబడతారు.

ఈసారి చౌమహల్లాకు పోయినపుడు ఆ వెనుక ఆసనాన్ని గమనించండి. మరమ్మతు చేసినవారు దానిని ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దారు. దానిని కోరి చేయించిన మనిషి బరువు మాత్రం దానిమీద ఎన్నడూ పడలేదు.